పొగాకు వాసన

కొలుపులకి డప్పు కొట్టమని
మునసబు కాడనించి కబురొచ్చింది.
మా పెదనాయన అబ్రాము
డప్పు దించి, దుమ్ము తుడిచి,
మళ్ళీ అదే కొక్కేనికి తగిలించాడంట.
మాటేం అనలేదు.
మన్నేట్లో మునిగి లేచి
అప్పటికింకా మూడు వారాలే.

ఆ రాత్రి పాలెంలో
ముందు కుక్కలు అరిచాయి.
తర్వాత అవి కూడా అరవలేదు.

మా నాయన నతానేలుకి పదహారేళ్ళు.
కందుకూరు రోడ్డు పక్కన
పొగాకు బ్యారన్‌లో దూరాడు.
కర్రలకి వేలాడే ఆకు
పచ్చదనం వదిలి పసుపెక్కుతోంది.
కింద గొట్టాలు కణకణ కాలుతున్నాయి.
నిప్పు చూసే ముసలాయన పోలేరయ్య
కుర్రాణ్ణి చూశాడు,
తలుపు మూసి బయట గొళ్ళెం పెట్టాడు.
కర్రలతో వచ్చినోళ్ళు అడిగితే
"ఆ సెగకి బల్లి కూడా బతకదు,
మనిషెట్టా ఉంటాడయ్యా" అన్నాడంట,
చుట్ట ముట్టించుకుంటా.
ఏ అమ్మవారి కొలుపుల కోసం ఊరు కర్ర పట్టిందో
ఆ అమ్మవారి పేరే ఆయనది.

పెదనాయన పొద్దున
చిల్లచెట్ల మధ్య దొరికాడు.

రాజు ఏడింతలు మండించిన గుండంలోంచి
ముగ్గురు కుర్రోళ్ళు నడిచొచ్చారని
సండేస్కూల్లో మాకు బొమ్మ చూపించేవాళ్ళు.
వాళ్ళ బట్టలకి నిప్పు వాసన కూడా అంటలేదంట.
నేను మా నాయన చొక్కా వాసన చూసేవాణ్ణి.
అమ్మ చౌడేసి ఉడకబెట్టినా,
ఎండలో రెండు దినాలు ఆరేసినా,
తెల్లచొక్కాలోంచి ఆదివారం పూట కూడా
అదే పొగాకు.
దగ్గితే గుడి గోడలు దగ్గేవి.

మా జేజి పిసికిలమ్మకి చదువు రాదు.
విన్న వాక్యం మాత్రం గింజ రాలనిచ్చేది కాదు.
ఒకసారి అయ్యగారు
పేతురు సంకెళ్ళు ఊడిపడ్డ సంగతి చెబుతున్నారు.
ఇనప గేటు దానంతటదే తెరుచుకుంది,
దూత ముందు నడిచాడు,
విశ్వాసులు ప్రార్థన చేస్తున్న ఇంటి తలుపు
పేతురు తట్టాడు.
అందరూ స్తోత్రం అన్నారు.
జేజి చాప మీదనించి లేచింది.

"అయ్యగారూ,
దానికి కాస్త పైనే గదా
యాకోబుని కత్తితో చంపించింది?
ఆ పిల్లోడికి ప్రార్థన చేసినోళ్ళు లేరా?
వాళ్ళమ్మ కూడా ఆ ఇంట్లోనే
మోకాళ్ళ మీద ఉండుంటది.
తలుపు చప్పుడైనప్పుడు
ఒక్క గడియ, ఒక్కటంటే ఒక్క గడియ,
ఎవరొచ్చారనుకుందో
రాశారా అందులో?"

అయ్యగారు వాచీ చూసుకున్నారు.
"దేవుని చిత్తం" అనబోయారు,
సగంలో ఆగారు.
తర్వాత పీట దిగి వచ్చి
ఆడోళ్ళ వైపు, జేజి పక్కన,
ఉత్త నేల మీద కూర్చున్నారు.
ఆ ఆదివారం ఎవరూ
కానుక సంచి తిప్పలేదు.

ఒంగోలు రిమ్స్‌లో
నాయన ఊపిరి ఈలేస్తోంది.
రెక్కల నీడన దాచేవాడి గురించి
మెల్లగా చదువుతున్నాను.
చెయ్యి ఎత్తి ఆపాడు.
"రెక్కల కింద కూడా ఉక్క పోస్తదిరా" అన్నాడు.
నవ్వాడో, దగ్గాడో.

నమ్మకం పోయిందా నాయనా అని అడిగాను.
"పోతే ఈ దగ్గు ఎవరికి చెప్పుకునేది?"

చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
పోలేరయ్య సమాధి యాడుందో
ఎవరికన్నా తెలుసేమో కనుక్కోమన్నాడు.
నీళ్ళడిగాడు, తాగలేదు.
నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాట
అప్పుడు చెప్పాడు:

"తెల్లారుజామున గొళ్ళెం తీశాడు పోలేరయ్య.
చీకట్లో ఇంటికొచ్చి తలుపు కొట్టాను.
లోపల్నించి అమ్మ
'అబ్రామా?' అంది.

నేను పలకలేదు.
ఇంకోసారి కొట్టాను."